పాకాల తూము, కడుపు నొప్పి: హిప్నాసిస్ వైద్యం ఎంతవరకు పనిచేస్తుంది?

వరంగల్‌లో ఏ గ్యాస్ట్రో డాక్టరు ఓపీ ముందు కూర్చున్నా ఇలాంటి పేషెంటు ఒకరైనా కనిపిస్తారు. నర్సంపేట వైపు నుంచో, పరకాల నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చి ఉంటారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో అయిదారేళ్ల రిపోర్టులు. ఎండోస్కోపీ, స్కానింగ్, రక్తపరీక్షలు అన్నీ అయిపోయాయి. తిన్న వెంటనే కడుపు గుంజడం, ఉబ్బరం, పెళ్లికి వెళ్లినా ముందుగా బాత్రూం ఎక్కడుందో చూసుకోవాల్సిన పరిస్థితి. డాక్టరు కాగితాలు తిరగేసి ‘అన్నీ నార్మలే’ అంటారు. పేషెంటుకు ఆ మాట ఊరటనివ్వదు. ‘అన్నీ నార్మలైతే మరి నొప్పి ఎక్కడికెల్లి వస్తున్నది సారూ?’ అని అడుగుతారు.

అడగాల్సిన ప్రశ్నే అది. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అని పిలిచే ఈ జబ్బులో పేగుకు పుండు ఉండదు, గడ్డ ఉండదు. పేగుకూ మెదడుకూ మధ్య నడిచే కబురు గాడి తప్పుతుంది. మామూలుగా మనకు తెలియనే తెలియని పేగు కదలికలు కూడా నొప్పిగా తెలుస్తాయి. టెన్షన్ పెరిగితే పేగు మరింత బిగుసుకుంటుంది, ఆ నొప్పి మళ్లీ టెన్షన్ పెంచుతుంది. నొప్పి నిజమైనదే, స్కానింగులో కనబడేది మాత్రం కాదు. హిప్నాసిస్‌ను వైద్యంగా వాడటానికి ఉన్న గట్టి ఆధారాల్లో కొన్ని సరిగ్గా ఈ జబ్బు దగ్గరే దొరుకుతాయి. అందుకే వశీకరణం, స్టేజీ షోలు, పూర్వజన్మల కంటే ముందు ఈ కడుపు నొప్పి గురించి మాట్లాడుకోవాలి.

1984లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ అనే డాక్టరు బృందం ఏ మందుకూ లొంగని 30 మంది ఐబీఎస్ పేషెంట్లను రెండు గుంపులుగా విడదీసింది. 15 మందికి సైకోథెరపీ, దానితోపాటు మందు లేని ఉత్తుత్తి మాత్రలు. మిగతా 15 మందికి హిప్నాసిస్, మూడు నెలల్లో ఏడు సిట్టింగులు. మొదటి గుంపులో కొద్దిపాటి మార్పే కనబడింది. రెండో గుంపులో నొప్పి, ఉబ్బరం, విరేచనాల తీరు అన్నీ బాగా మెరుగుపడ్డాయి. ఆ తర్వాత అక్కడ ఇందుకోసమే ఒక యూనిట్ నడిచింది. తమ దగ్గరికి వచ్చిన 1000 మంది లెక్కను 2015లో ప్రచురించినప్పుడు 76 శాతం మందికి చెప్పుకోదగ్గ ఉపశమనం కలిగిందని తేలింది. అయితే ఆ లెక్కలో పోల్చి చూడటానికి వేరే గుంపు లేదు కాబట్టి ఆ అంకెను కాస్త తగ్గించుకునే చదవాలి.

2019లో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనం ఇంకా కట్టుదిట్టంగా జరిగింది. అందులో 354 మంది ఉన్నారు. మూడు నెలలయ్యేసరికి విడివిడిగా హిప్నాసిస్ చేయించుకున్న వాళ్లలో సుమారు 41 శాతం, గుంపుగా కూర్చుని చేయించుకున్న వాళ్లలో 33 శాతం తమకు తగినంత ఉపశమనం దొరికిందన్నారు. జబ్బు గురించి వివరించి, సలహాలు చెప్పి పంపిన వాళ్లలో అలా అన్నది సుమారు 17 శాతమే. పది మందిలో నలుగురు అంటే అద్భుతమేమీ కాదు. కానీ ఆరేళ్లుగా కవరు పట్టుకుని తిరుగుతున్న మనిషికి ఆ నలుగురిలో ఒకరయ్యే అవకాశం చిన్న విషయం కాదు. పైగా గుంపుగా చేసినా పనిచేస్తుందన్న సంగతి, వందలమంది క్యూలో నిలబడే మన ప్రభుత్వ ఆసుపత్రులకు చాలా ముఖ్యమైనది. ఏడాదిపాటు మందులు వాడినా తగ్గని ఐబీఎస్‌కు హిప్నోథెరపీ వంటి చికిత్సలకు పంపడం గురించి ఆలోచించాలని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2008లోనే డాక్టర్లకు మార్గదర్శకాలిచ్చింది. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం కూడా 2021లో ఇలాంటి చికిత్సలను సూచించింది.

ఇంతకీ ఆ సిట్టింగులో ఏం జరుగుతుంది? సినిమాలో చూపించినట్టు గొలుసుకు కట్టిన గడియారం అక్కర్లేదు, కళ్లలో కళ్లు పెట్టి చూసేదీ లేదు. మొదటి రోజు సగం మాట్లాడుకోవడమే. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఎక్కువవుతుంది, పేషెంటు దాన్ని ఏ మాటతో చెబుతున్నారు. ‘గుంజుతున్నది’ అంటున్నారా, ‘దేవుతున్నది’ అంటున్నారా, ‘మండుతున్నది’ అంటున్నారా అన్నది థెరపిస్టు రాసుకుంటారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, ఎదుటి గోడ మీద ఒక చుక్కను చూస్తూ ఊపిరి మీద ధ్యాస పెట్టమంటారు. రెప్పలు బరువెక్కుతాయి. పాదాల నుంచి తల దాకా ఒక్కో భాగం వదులవుతున్నట్టు నెమ్మదిగా చెబుతూ పోతారు. పది పదిహేను నిమిషాలకు బయట ఆటోల హారన్లు వినబడుతూనే ఉంటాయి గానీ వాటిని పట్టించుకోబుద్ధి కాదు. అప్పుడు అరచేయి కడుపు మీద పెట్టుకోమంటారు. చేయి వెచ్చబడుతున్నదని, ఆ వెచ్చదనం లోపలికి దిగుతున్నదని, బిగుసుకున్న పేగు మెల్లగా వదులవుతున్నదని చెబుతారు.

మాంచెస్టర్ పద్ధతిలో ఇక్కడ ఒక నదిని ఊహించుకోమంటారు. నీళ్లు ఎంత వేగంగా పారాలో నిర్ణయించేది పేషెంటే. ఆ ఇంగ్లండ్ నదిని ఉన్నదున్నట్టు తెలుగులోకి మార్చి చదివితే నర్సంపేట రైతు మనసుకు ఏమీ తగలదు. ఆయనకు తెలిసిన నీళ్లు పాకాల చెరువువి. కట్ట మీది గాలి, తూము దగ్గరి చల్లదనం, షట్టరు ఎంత ఎత్తితే కాలువలో ఎంత నీరు వస్తుందన్న లెక్క, ఇవన్నీ చిన్నప్పటి నుంచీ ఒంటికి తెలుసు. మాటిమాటికీ విరేచనాలయ్యే మనిషికి మత్తడి దూకుతున్న చెరువును గుర్తుచేసి, వరద తగ్గి నీళ్లు నిదానించడాన్ని చూడమనవచ్చు. మలబద్ధకంతో బాధపడే మనిషికి కాలువలో అడ్డంపడ్డ గుర్రపుడెక్కను చేత్తో తీసి గట్టున పడేయడాన్ని, ఆ వెనకే నీళ్లు సాఫీగా కదలడాన్ని చూపించవచ్చు. ఇది కవిత్వం కోసం చేసే పని కాదు. ఈ వైద్యంలో మాత్రా లేదు, కత్తీ లేదు. ఉన్న పనిముట్టు మాట ఒక్కటే. పనిముట్టు పేషెంటు చేతికి అలవాటైనదైతేనే పని జరుగుతుంది. మన దగ్గర ఇంగ్లిషు స్క్రిప్టును పుస్తకాల తెలుగులోకి మార్చి ‘మీ ఉదరభాగం విశ్రాంత స్థితిలోకి ప్రవేశిస్తున్నది’ అని చదివితే ఎవరి ఉదరమూ విశ్రమించదు. ‘కడుపు నిమ్మళమైతున్నది’ అంటే ఒంటికి అర్థమవుతుంది.

అదే మాటలను ఫోన్‌లో రికార్డు చేసి ఇస్తారు. రోజూ ఇంట్లో పదిహేను ఇరవై నిమిషాలు వినాలి. ఈ ఇంటి సాధన కూడా వైద్యంలో భాగమే. సిట్టింగుకు వచ్చి కూర్చుంటే డాక్టరే అంతా చేసి పంపిస్తారనుకునే వాళ్లకు ఇది అంతగా పనిచేయదు.

హిప్నాసిస్ నిద్ర కాదు. ఆ పేరు పెట్టింది మాంచెస్టర్‌లోనే పనిచేసిన స్కాట్లండ్ సర్జన్ జేమ్స్ బ్రెయిడ్. 1841లో ఒక ప్రదర్శన చూసి, పరీక్షించి, 1843 నాటికి గ్రీకుల నిద్రదేవత పేరు మీద ఆ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. తర్వాత ఆయనే ఆ పేరు సరికాదని గ్రహించి, ఒకే ఆలోచన మీద మనసు నిలిచే స్థితి అని అర్థమొచ్చే మరో పేరు సూచించాడు. అప్పటికే మొదటి పేరు జనంలోకి వెళ్లిపోయింది. ‘పడుకోబెడతారా, మళ్లీ లేవకపోతే ఎట్లా?’ అనే భయం ఇప్పటికీ ఆ పేరు తెచ్చిన తంటానే. మనిషికి మెలకువ ఉంటుంది, మాటలు వినబడతాయి, ఇష్టం లేకపోతే కళ్లు తెరిచి లేచిపోవచ్చు.

అందరికీ ఒకేలా పట్టదన్న సంగతి కూడా చెప్పాలి. 1959లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వైట్‌జెన్‌హాఫర్, హిల్గార్డ్ అనే సైకాలజిస్టులు దీన్ని కొలిచే పద్ధతి తయారుచేశారు. చాచిన చేయి బరువెక్కి దిగిపోతుందా, ఒకదానిలో ఒకటి పెనవేసిన వేళ్లు విడదీయడం కష్టమవుతుందా వంటి పరీక్షలుంటాయి. పది మందిలో ఒకరిద్దరు చాలా లోతుగా వెళ్తారు, అంతేమందికి దాదాపు ఏమీ కాదు, మిగతావాళ్లు మధ్యలో ఉంటారు. అదే మనుషులను పాతికేళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే స్కోరు పెద్దగా మారలేదు. దీనికి తెలివితక్కువతనంతోనో, బలహీనమైన మనసుతోనో సంబంధం లేదు. కథ వింటూ లీనమైపోయే గుణం లాంటిదిది.

మెదడులో ఏం జరుగుతుందో కొంతవరకు చూడగలిగారు. 1997లో రేన్‌విల్ అనే పరిశోధకుడి బృందం, చేయి చురుక్కుమనేంత వేడి నీళ్లలో పెట్టినవాళ్ల మెదడును స్కాన్ చేసింది. నీళ్లు ఒకే వేడి. కానీ హిప్నాసిస్‌లో ‘ఇది మరీ బాధగా లేదు’ అన్నప్పుడూ, ‘ఇది భరించలేకుండా ఉంది’ అన్నప్పుడూ మెదడులో బాధను అనుభవించే భాగం పనితీరు మారింది. ఎక్కడ, ఎంత తాకింది అని గుర్తించే భాగం మాత్రం అలాగే ఉంది. వేడి తెలుస్తూనే ఉంది, బాధ తగ్గింది. ఒక ముసలామె ‘నొప్పి ఉన్నది గానీ నన్ను సతాయిస్తలేదు’ అంటే ఆ మాటలో ఉన్న తేడా సరిగ్గా ఇదే.

నొప్పి విషయంలో దీని చరిత్ర మన దేశానికి దగ్గరగా నడిచింది. 18వ శతాబ్దం చివర్లో పారిస్‌లో మెస్మర్ అనే వైద్యుడు మనుషుల ఒంట్లో పారే అయస్కాంత ద్రవంతో రోగాలు నయం చేస్తానని పేరు తెచ్చుకున్నాడు. 1784లో ఫ్రాన్స్ రాజు వేసిన కమిషన్‌లో అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లవోయిజర్ ఉన్నారు. ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో ఒక్క చెట్టుకు మాత్రమే ‘అయస్కాంత శక్తి’ ఎక్కించి, కళ్లకు గంతలు కట్టిన కుర్రాణ్ని చెట్ల మధ్య నడిపించారు. వాడు శక్తి ఎక్కించని వేరే చెట్టు దగ్గర స్పృహతప్పి పడిపోయాడు. ద్రవమూ లేదు, గివమూ లేదు, అంతా ఊహే అని కమిషన్ తేల్చింది. నిజమే. కానీ ఊహ ఒక్కటే మనిషిని పడగొట్టగలిగినప్పుడు, అదే ఊహను లేపి నిలబెట్టడానికి వాడలేమా అన్న ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

దాన్ని కత్తి పట్టుకుని పరీక్షించినవాడు జేమ్స్ ఎస్‌డైల్. బెంగాల్‌లోని హుగ్లీలో పనిచేసిన స్కాట్లండ్ సర్జన్. 1845లో ఒక ఖైదీకి వరిబీజం ఆపరేషన్ సందర్భంగా మొదలుపెట్టి, తర్వాతి ఏళ్లలో మత్తుమందు లేకుండానే వందల పెద్ద ఆపరేషన్లు చేశాడు. చాలావరకు బోదకాలు జబ్బు వల్ల పెరిగిన పెద్ద పెద్ద కంతులు అవి. ఆ జబ్బు ఉత్తర తెలంగాణ పల్లెలకూ బాగా తెలిసినదే. పేషెంటు పక్కన గంటల తరబడి కూర్చుని చేతులు నిమురుతూ మైకం కలిగించే శ్రమంతా ఆయన బెంగాలీ సహాయకులదే. వాళ్ల పేర్లు చరిత్రలో పెద్దగా వినబడవు. 1846లో కలకత్తాలో ఇందుకోసం ఒక ఆసుపత్రి కూడా తెరిచారు. అదే ఏడాది అక్టోబరులో బోస్టన్‌లో ఈథర్, మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో క్లోరోఫాం అనే మత్తుమందులు వచ్చేశాయి. గంటల పని నిమిషాల్లో, అదీ అందరి మీదా పనిచేస్తుంటే ఎస్‌డైల్ పద్ధతి వెనక్కిపోవడంలో ఆశ్చర్యం లేదు. నలభై ఏళ్లు తిరిగేసరికి, ఆ క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చే కమిషన్లు 1888, 1889లలో నిజాం ఖర్చుతో మన హైదరాబాద్‌లోనే పనిచేశాయి.

ఇప్పుడు హిప్నాసిస్ మత్తుమందుకు పోటీగా రావడం లేదు, తోడుగా వస్తున్నది. బెల్జియంలోని లీజ్ ఆసుపత్రిలో 1992 నుంచి లోకల్ మత్తు, కొద్దిపాటి మందులకు హిప్నాసిస్ కలిపి వేల ఆపరేషన్లు చేశారు. న్యూయార్క్‌లో రొమ్ము ఆపరేషన్‌కు వచ్చిన 200 మంది మహిళల మీద చేసి 2007లో ప్రచురించిన పరీక్షలో, ఆపరేషన్‌కు ముందు పదిహేను నిమిషాల హిప్నాసిస్ పొందినవాళ్లకు నొప్పి, వికారం, నీరసం తక్కువగా ఉన్నాయి, మత్తుమందు కూడా తక్కువ పట్టింది. మెనోపాజ్‌లో ఒళ్లంతా ఆవిర్లు వచ్చే బాధకు కూడా 2013 నాటి అమెరికా పరీక్షలో మంచి ఫలితం వచ్చింది. ఇంజెక్షన్ భయం, పన్ను పీకించుకోవడమంటే వణుకు, పరీక్ష హాల్లో చేతులు చెమటపట్టి చదివింది మర్చిపోవడం, ఇలాంటి ఆందోళనల్లో ఇది మామూలు కౌన్సెలింగ్‌కు బలం చేకూరుస్తుంది. హన్మకొండ హాస్టళ్లలో ఇంటర్ పిల్లలు పడే టెన్షన్‌కు నిద్రమాత్ర కంటే ముందు ప్రయత్నించదగ్గ దారి ఇది.

ఇదంతా మనకు పూర్తిగా కొత్త కాదు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో డోలు దెబ్బ, గజ్జెల చప్పుడు, పసుపు వాసన మధ్య శివసత్తులు దేవుడు పూనినట్టు శిగమూగుతుంటే చూసినవాళ్లకు తెలుసు, ధ్యాస ఒక్కచోట బిగుసుకున్నప్పుడు ఒంటికి అలసట తెలియదు, దెబ్బ తెలియదు. శిగం భక్తికి సంబంధించినది, క్లినిక్‌లో జరిగేది వైద్యం. రెండూ ఒకటేనని చెప్పడం రెండింటికీ అన్యాయం. కానీ ధ్యాస, నమ్మకం, చుట్టూ ఉన్నవాళ్ల మాట కలిస్తే శరీరం ఎంత మారగలదో మన ఊళ్లు ఎప్పటినుంచో చూస్తున్నాయి.

ఆ శక్తికి చీకటి ముఖం కూడా ఉంది. ‘నీకు బాణామతి (చేతబడి) చేసిండ్రు’ అని ఎవరో ఒక్క మాట అంటే చాలు, ఆ రాత్రి నుంచి తిండి సయించదు, గుండె దడదడలాడుతుంది, కాళ్లు లాగుతాయి. లక్షణాలు నిజంగానే వస్తాయి, మంత్రం వల్ల మాత్రం కాదు. ఆ మాట నమ్మి, చేసిందెవరో వెతికి, పక్కింటి ముసలామెను చెట్టుకు కట్టి కొట్టిన ఘటనలు తెలంగాణ పల్లెల్లో ఎన్ని జరిగాయో పేపర్లు చదివే అందరికీ తెలుసు. మాట నొప్పి తగ్గించగలదని ఒప్పుకుంటే, మాట నొప్పి పుట్టించగలదనీ ఒప్పుకోవాలి. అందుకే ఈ వైద్యం ఎవరి చేతిలో ఉందన్నది చాలా పెద్ద విషయం.

‘ఒక్క సిట్టింగులో సిగరెట్ బంద్, మందు బంద్’ అనే బోర్డులను నమ్మడానికి ఆధారం లేదు. సిగరెట్ విషయంలో జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన 2019 నాటి కోక్రేన్ సమీక్షకు, మామూలు కౌన్సెలింగ్ కంటే హిప్నాసిస్ మెరుగని స్పష్టమైన రుజువు దొరకలేదు. తాగుడు విషయంలో ఇది ఉత్త ఖర్చుతో పోయేది కాదు, ప్రాణం మీదికి వస్తుంది. ఏళ్లుగా పొద్దున్నుంచి తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. నిజామాబాద్ వైపు కల్తీ కల్లు సంగతి ఇంకా ప్రమాదకరం. అందులో కలిపే అల్‌ప్రజోలం, డైజిపామ్ వంటి మత్తుపదార్థాలకు ఒళ్లు అలవాటుపడి ఉంటుంది. కల్లు దుకాణాలు మూతపడ్డ ప్రతిసారీ ఫిట్స్‌తో, పిచ్చి చేష్టలతో జనాన్ని ఆసుపత్రులకు మోసుకురావడం తెలంగాణ చూసింది. అలాంటి మనిషిని ముందు ఆసుపత్రిలో చేర్చి, మందులతో మెల్లగా మాన్పించాలి. కుర్చీలో కూర్చోబెట్టి ‘నీకిక కల్లు వద్దు’ అని చెప్పి ఇంటికి పంపడం నేరంతో సమానం.

చెవుల్లో ఎవరో మాట్లాడుతున్నారనేవాళ్లకు, లేనిది కనబడేవాళ్లకు ఇది పనికిరాదు, జబ్బు పెరిగే ప్రమాదం కూడా ఉంది. చావాలనిపిస్తున్నదనే మనిషికి ముందు కావలసింది సైకియాట్రిస్టు. అర్ధరాత్రి అయినా 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్‌లో తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ఇక పూర్వజన్మలోకి తీసుకెళ్తామనే వ్యాపారం గురించి ఒక్క మాట. హిప్నాసిస్‌లో మనిషి చెప్పేదంతా నిజమైన జ్ఞాపకం కాదు. అడిగిన తీరును బట్టి మనసు కథ అల్లుతుంది, పైగా అది నిజమేనన్న నమ్మకం గట్టిపడుతుంది. అందుకే 1982లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అలా హిప్నాసిస్ చేయించుకున్నవాళ్ల సాక్ష్యం మీద కఠినమైన ఆంక్షలు పెట్టింది. బతికున్న తల్లిదండ్రుల మీద లేని అనుమానాలు పుట్టించి కుటుంబాలను విడదీసిన కేసులు విదేశాల్లో ఎన్నో.

మన దేశంలో హిప్నోథెరపీని తగిన శిక్షణ ఉన్నవాళ్లే వాడాలని 2003లో కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. అయినా వారాంతపు క్లాసులో సర్టిఫికెట్ తీసుకుని బోర్డు పెట్టేవాళ్లకు కొదవ లేదు. వెళ్లేముందు ఆ మనిషి డాక్టరా, రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టా అని అడగడంలో తప్పు లేదు. హిప్నాసిస్ లేకుండా ఆ జబ్బును గుర్తించి వైద్యం చేయగలిగిన మనిషే, హిప్నాసిస్‌తోనూ చేయాలి. రెండు నెలలుగా కడుపు నొప్పితో పాటు బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడుతున్నా పరీక్షలు చేయించకుండా కళ్లు మూసుకోమనేవాళ్ల దగ్గర నుంచి వెంటనే లేచి రావాలి.

వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది, ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, రాష్ట్రం మొత్తానికి వైద్యవిద్యను నడిపే కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయమూ ఇక్కడే ఉంది. కాళోజీ పలుకుబడుల భాష కోసం జీవితమంతా కొట్లాడిన మనిషి. ఆయన పేరున్న విశ్వవిద్యాలయం నుంచే, పేషెంటు పలుకుబడిలో నొప్పిని నెమ్మదింపజేసే మాటలు తయారై, మన పేషెంట్ల మీద పరీక్షకు నిలిస్తే ఎంత బాగుంటుంది. దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఒక నిశ్శబ్దమైన గది, ఆరేడు కుర్చీలు, నెలల తరబడి ఓపిక ఉంటే చాలు.

అంతవరకు ఆగనక్కర్లేని పని కూడా ఒకటుంది. కాన్పుకు వచ్చిన 140 మంది మహిళల మీద అమెరికాలో చేసిన ఒక చిన్న పరీక్ష 2010లో వెలువడింది. వెన్నులో సూది వేసే ముందు, చర్మం మొద్దుబారడానికి ఇచ్చే ఇంజెక్షన్ అందరికీ ఒకటే. కొందరితో ‘పెద్ద తేనెటీగ కుట్టినట్టుంటుంది, అన్నింట్లోకి కష్టం ఇదే’ అన్నారు. మిగతావాళ్లతో ‘మొద్దుబారే మందు ఇస్తున్నాం, మీకు ఇబ్బంది ఉండదు’ అన్నారు. మొదటివాళ్లు ఆ సూది నొప్పికి పదికి అయిదు మార్కులిచ్చారు, రెండోవాళ్లు మూడు. అక్కడ హిప్నాసిస్ ఏమీ చేయలేదు, కళ్లు కూడా మూయించలేదు. మన ప్రసూతి వార్డులో ‘గట్టిగ పట్టుకో, నొప్పి పుడుతది’ అనే చోట ‘మందు పెడుతున్న బిడ్డా, ఇక్కడంత మొద్దుబారుతది, ఊపిరి మెల్లగ ఇడువు’ అనడానికి నర్సుకు పట్టేది కూడా అంతే సమయం.